తలుపు తెరిచి ఉంది సరే, గట్టు అవతల ఎవరున్నారు?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది సఖినేటిపల్లి మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. రెండెకరాల మాగాణి ఉంది. కాలువ శివారు కావడంతో సార్వా (తొలి పంట) ఒక్కటే పండుతుంది, దాళ్వాకి (రెండో పంటకి) నీళ్లందవు. గోదావరి అవతల భీమవరం వైపు ఆసామి ఒకాయన ఐదేళ్లు లీజుకిస్తే వనామీ రొయ్యల చెరువు తవ్వుకుంటానంటున్నాడు. వరి కౌలుకి మూడు రెట్ల పైనే ఇస్తాడట. మా పాప బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడు. ఫీజు బాకీ ఉంది, బయట అప్పులున్నాయి. నా ఇష్టం కాదు, దేవుని చిత్తమే జరగాలని ఉపవాసం ఉండి ప్రార్థించాను. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికని నాకొచ్చిన వాగ్దానం కార్డులోని బైబిలు మాట "ఇదిగో తలుపు నీయెదుట తీసియుంచియున్నాను". ఆదివారం లోపు ఆసామి తనంతట తనే ఫోన్ చేస్తే అది నీ చిత్తమని నమ్ముతాను ప్రభువా అన్నాను. శనివారం సాయంత్రమే చేశాడు. మా పాస్టరు గారు కూడా దేవుడు తలుపు తెరిచాడన్నారు. మొదటి ఏడాది లీజులో దశమభాగం మందిరం శ్లాబుకి ఇస్తానని మొక్కుబడి చేసుకున్నాను. అయినా నెమ్మది లేదు. మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. పక్క చేను మా పెదనాన్నగారి అబ్బాయిది, ఉప్పు ఊరి ఆయన చేను పాడవుతుందంటోంది. గట్టు తగాదా వల్ల ఆయనతో నాలుగేళ్లుగా మాటల్లేవు. నా ఇష్టాన్ని దేవుని చిత్తానికి లోబరచుకోవడం ఎలాగో చెప్పండి.

సమాధానం: తమ్ముడూ, వందనాలు. మీ ఉత్తరంలో "నా ఇష్టమంటూ ఏమీ లేదు" అన్న మాట పదే పదే వచ్చింది. చోటు చాలక ఇక్కడ కుదించి వేశాం. నాకు నమ్మబుద్ధి కానిది ఆ మాటే. ఇష్టం లేనివాడు ఆసామి ఫోన్ కోసం శనివారం దాకా చెవులు రిక్కించుకుని కూర్చోడు. మీకు ఇష్టం ఉంది. ఆ డబ్బు కావాలి. ఆడపిల్ల చదువు మధ్యలో ఆగకూడదని, అప్పులవాళ్లు అరుగు మీద కూర్చోకూడదని కోరుకోవడంలో పాపమేమీ లేదు. పాపం లేని కోరికని దేవుడి దగ్గర దాచిపెట్టడమే నాకు ఎబ్బెట్టుగా అనిపించింది.

సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు చేసిన ప్రార్థనని మనవాళ్లు ఎప్పుడూ వెనక సగం నుంచి చదువుతారు. "నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే" అన్నది గోడల మీద రాసుకుంటాం. అంతకుముందు ఏమన్నాడు? "ఈ గిన్నె నాయొద్దనుండి తొలగించుము" అన్నాడు. నీకు సమస్తమూ సాధ్యమే కదా అని కూడా గుర్తుచేశాడు. మత్తయి రాసినదాని ప్రకారం మూడుసార్లు వెళ్లి ప్రార్థించాడు. తనకేం కావాలో సూటిగా చెప్పాకనే "అయినను" అన్నాడు. అసలు కోరికే లేనివాడికి "అయినను" అనాల్సిన పని ఏముంటుంది? హెబ్రీ పత్రికలో ఆయన ప్రార్థనల గురించి రాస్తూ రోదనం, కన్నీళ్లు అని రాశారు. నిమ్మకు నీరెత్తినట్టు చేసిన ప్రార్థన కాదది.

కాబట్టి ముందు ఆ పెద్దమనిషి తరహా ప్రార్థన ఆపండి. రాత్రి తలుపేసుకుని ఉన్నదున్నట్టు చెప్పండి. ప్రభువా, నాకు ఈ లీజు కావాలి, అప్పులు తీరాలి, పాప మెడలో స్టెతస్కోపు చూడాలి అని. అన్నయ్య చేను పాడైతే పాడవనీ అని మనసులో ఏ మూలైనా ఉంటే అదీ చెప్పండి. ఉందని నేననడం లేదు. కానీ అంత పెద్ద ఉత్తరంలో ఆయన ప్రస్తావన చిట్టచివర వచ్చింది, అదీ మీ ఆవిడ మాటగా వచ్చింది. మీ మాటగా రాలేదు.

ఇక సూచనల సంగతి. వాగ్దానం కార్డులంటే నాకు చిన్నచూపు లేదు. మా ఇంట్లోనూ ఫ్రిజ్ తలుపుకి ఒకటి అంటించి ఉంటుంది. పొద్దున్నే చూసుకుంటే ధైర్యంగా ఉంటుంది. కానీ కార్డు చిన్నది, అందులో వాక్యం సగమే పడుతుంది. ప్రకటన గ్రంథం మూడో అధ్యాయం తీసి ఎనిమిదో వచనం మొత్తం చదవండి. ఆ మాట ఫిలదెల్ఫియ సంఘానికి చెప్పింది. శక్తి కొంచెమే ఉన్నా నా వాక్యాన్ని గైకొన్నావు అని ప్రభువు మెచ్చుకుని, వాళ్ల ఎదుట తలుపు తెరిచి ఉంచానన్నాడు. కార్డులో పట్టని సగంలోనే మీ ప్రశ్నకి జవాబుంది. వాక్యాన్ని గైకొనడానికీ తెరిచిన తలుపుకీ అక్కడ సంబంధం ఉంది.

ఫోన్ గురించి ఎక్కువ చెప్పను. చెరువు తవ్వాలంటే కాలువలు కట్టేసి నేల ఆరే ఎండాకాలంలోనే తవ్వాలి. తొందర మీకన్నా ఆయనకే ఎక్కువ. ఆయన ఫోన్ చేయకపోతే వింత గానీ చేస్తే ఏముంది? బైబిల్లో గిద్యోను నేల మీద గొర్రెబొచ్చు పెట్టి దేవుణ్ణి సూచన అడిగాడు కదా అంటారేమో. గిద్యోనుకి చేయాల్సిన పని దేవుడు అప్పటికే నోరారా చెప్పాడు. ఆ పనికి ధైర్యం చాలక అడిగాడు. మీరేమో ముహూర్తం పెట్టేసుకుని పెళ్లిచూపులకి వెళ్లినట్టు అడిగారు.

తెరిచిన తలుపులన్నీ దేవుడు తెరిచినవే అనుకుంటే యోనా ప్రవక్తకి దొరికినంత సుళువుగా ఎవరికీ దొరకలేదు. దేవుడు నీనెవెకి పొమ్మంటే యొప్పే రేవుకి వెళ్లాడు. సరిగ్గా అప్పుడే తర్షీషుకి పోయే ఓడ సిద్ధంగా ఉంది. చేతిలో కేవుకి, అంటే ఓడ కిరాయికి, డబ్బుంది. ఎక్కాడు, లోపలికి వెళ్లి హాయిగా నిద్ర కూడా పోయాడు! అంతా కలిసొచ్చింది, ఒక్క దేవుడి మాట తప్ప. మరోవైపు దావీదుని చూడండి. తనని చంపాలని తరుముతున్న సౌలు రాజు ఏన్గెదీ గుహలో ఒంటరిగా చేతికి చిక్కాడు. ఇదిగో, దేవుడు చెప్పిన రోజు ఇదేనని పక్కనున్నవాళ్లు ఊదరగొట్టారు. వాళ్ల మాట అచ్చంగా మన ప్రార్థన కూటాల్లో వినిపించే మాటలాగే ఉంటుంది. దావీదు బట్ట చెంగు కోశాడు, దానికే గుండె కొట్టుకుంది. అవకాశం వచ్చింది గదా అని దాన్ని ఆజ్ఞగా తీసుకోలేదు.

మీకు నెమ్మది లేదన్నారు. సూచనలన్నీ ఒకవైపు తూగుతున్నా లోపల ఏదో గుచ్చుకుంటోందంటే, నా మటుకు నేను ఆ గుచ్చుకునేదాన్నే ఎక్కువ లెక్కలోకి తీసుకుంటాను.

పాస్టరు గారి మాట కొట్టిపారేయమని నేను చెప్పను. మీ మేలు కోరే చెప్పి ఉంటారు. అయితే అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయం ఒకసారి చూడండి. తూరులో శిష్యులు ఆత్మ ద్వారా పౌలుని యెరూషలేము వెళ్లొద్దన్నారు. కైసరయలో అగబు అనే ప్రవక్త పౌలు నడికట్టు తీసుకుని తన చేతులూ కాళ్లూ కట్టుకుని, అక్కడ నిన్నిలా బంధిస్తారని మరీ చూపించాడు. పౌలు అందరి మాటా విన్నాడు, వాళ్ల ఏడుపుకి గుండె బద్దలైంది, అయినా వెళ్లాడు. వాళ్లు "ప్రభువు చిత్తము జరుగునుగాక" అని ఊరుకున్నారు. ప్రవక్త చెప్పినా నిర్ణయం బరువు పౌలు భుజం మీదే ఉంది. రేపు అన్నయ్య నారుమడి ఎండిపోతే "పాస్టరు గారు చెప్పారండి" అంటే చెల్లుతుందా? ఇంకో మాట. పక్క చేను ఎవరిదో, గట్టు తగాదా సంగతేమిటో పాస్టరు గారికి చెప్పారా? ఉత్తరం చదివితే చెప్పినట్టు లేదు. సగం సంగతి విన్నవాళ్లు సగం జవాబే చెప్పగలరు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. దేవుని చిత్తం మనకి తెలియదు, ఎలాగోలా కనిపెట్టాలి అన్న లెక్కలో మీరున్నారు. మీ విషయంలో అందులో పెద్ద భాగం ఎప్పుడో రాసిపెట్టి ఉంది. నిర్గమకాండం 22వ అధ్యాయం అయిదో వచనంలో ఒక చట్టముంది. ఒకడు తన పశువుని వదిలితే అది వేరొకడి చేను మేసిందనుకోండి, వదిలినవాడు తన చేలోని మంచి పంట దానికి బదులు ఇవ్వాలి. పశువు నాది, దారి అది చూసుకుంది, నాకేం తెలుసు అంటే కుదరదు. మన డెల్టాలో గట్టు దాటి పోయేది పశువు ఒక్కటే కాదు గదా, ఉప్పూ పోతుంది.

ఎలా పోతుందో మీకు తెలియంది కాదు. చెరువులో ఏడాదిలో ఎక్కువ రోజులు ఉప్పునీరు నిలిచి ఉంటుంది. ఒత్తిడికి గట్టు కింద నుంచి పక్క చేలోకి ఊట దిగుతుంది. రొయ్య పట్టిన రోజున నీరు వదిలేది మురుగు బోదెలోకే. కొబ్బరి కొంత ఉప్పుని ఓర్చుకుంటుంది. వరి నారు ఓర్చుకోదు, పొట్టకొచ్చాక పైరు అసలు ఓర్చుకోదు. చేను ఒకసారి చౌడెక్కితే, మంచినీళ్లు నిలగట్టి వదిలేసి, మళ్లీ నిలగట్టి కడగాలి. దాళ్వాకే నీళ్లందని శివారులో చౌడు కడగడానికి నీళ్లెక్కడివి? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల్లో వచ్చిన మంచినీళ్ల మీదే ఈ మాగాణంతా నిలబడింది. ఐదేళ్ల లీజు అయిపోయాక ఆసామి చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్లు ఎత్తుకుని గోదావరి దాటి వెళ్లిపోతాడు. మీరు, మీ అన్నయ్య, చౌడు అక్కడే ఉంటారు.

1996 నవంబరు తుపానుకి కోనసీమలో కొబ్బరి తోటలు నేలకి ఒరిగినప్పుడు ఊరూరా "దేవుని చిత్తం" అన్నారు. అది చిత్తమో కాదో నిర్ణయించేంత తెలివి నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కానీ మన తూము తీస్తే పక్కవాడి చేలోకి పోయే ఉప్పునీటికి మాత్రం ఆ పేరు పెట్టకూడదు. రహస్యమైన సంగతులు దేవుడివి, బయలుపరచినవి మనవి అని ద్వితీయోపదేశకాండం చెబుతుంది. మనం అటుది ఇటు చేసి, చెప్పనివాటి కోసం ఉపవాసాలుండి, చెప్పినవాటిని పక్కన పెడుతుంటాం.

మొక్కుబడి గురించి కూడా అనాలి, కోపం తెచ్చుకోకండి. మార్కు సువార్త ఏడో అధ్యాయంలో కొర్బాను అనేది ఒకటుంది. తల్లిదండ్రులకి చెందాల్సిన సాయాన్ని "ఇది దేవుడికి అర్పితం" అనేసి తప్పించుకునేవాళ్లు. ప్రభువు దాన్ని భక్తిగా లెక్కకట్టలేదు సరిగదా, మీ పారంపర్యాచారం కోసం దేవుని ఆజ్ఞని నిరాకరిస్తున్నారని గట్టిగా తిట్టాడు. అన్నయ్య చేనుకి నష్టం చేసిన డబ్బులోంచి శ్లాబు వేసినా ఆ నష్టం నష్టమే. మందిరం కప్పు కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదు, రేకుల కింద మన తాతలు చక్కగానే పాడుకున్నారు.

ఆ గట్టు సంగతి. మత్తయి అయిదో అధ్యాయంలో బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతూ నీ మీద నీ సహోదరుడికి విరోధమేమైనా ఉందని గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలి వెళ్లు, ముందు సమాధానపడు అని ప్రభువు అన్నాడు. ఎవరిది తప్పో తేలాక వెళ్లమనలేదు. మీ ఉపవాసం, మీ కార్డు, మీ దశమభాగం అన్నీ ఆ బలిపీఠం దగ్గర పెట్టేసి వెళ్లాల్సిన చోటు మీకు తెలుసు. నాలుగేళ్లుగా ఆయన వస్తుంటే మీరు ఇటు తిరిగి పోతుంటారు, ఏ పెళ్లిలోనో ఒకే వరసలో కూర్చోకుండా చూసుకుంటుంటారు. ఇంకో నలభై రోజులు ఉపవాసం ఉండటం కన్నా ఆ గుమ్మం ఎక్కడమే కష్టమని నాకు తెలుసు. ఉపవాసాన్ని అందరూ మెచ్చుకుంటారు, ఇదెవరికీ కనిపించదు.

వెళ్లేటప్పుడు పెద్దమనుషుల్ని తీసుకెళ్లకండి, తగువు మళ్లీ మొదలవుతుంది. మీ ఆవిడని తీసుకెళ్లండి. లీజు మాట మొదట ఎత్తకండి. "అన్నయ్యా, గట్టు విషయంలో మాట పట్టింపుకి పోయాను" అని మొదలుపెడితే చాలు. ఆయన కాఫీ ఇస్తే తాగండి, ఇవ్వకపోయినా కూర్చోండి. రెండోసారి వెళ్లినప్పుడు చెరువు సంగతి మీ నోటితో మీరే చెప్పి, నీ చేనుకి ఏమవుతుందనుకుంటున్నావని అడగండి. సర్వేయరుతో గట్టు కొలిపిద్దామని మీ అంతట మీరు అనగలిగితే ఇంకా మంచిది. కొలతలో ఒక మూర అటు పోయినా పోనివ్వండి. పొరుగువాడి సరిహద్దు రాయి జరిపినవాడి మీద పడ్డ శాపం ద్వితీయోపదేశకాండంలో ఉంది. మూర నేల పోతే మాత్రం ఎక్కడా శాపం రాయలేదు.

చట్టం కూడా చూసుకోవాలి. తీరప్రాంతంలో సాగు భూముల్ని రొయ్యల చెరువులుగా మార్చకూడదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే తీర్పిచ్చింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. మీ సర్వే నంబరుకి అనుమతి వస్తుందో రాదో ఆసామిని కాదు, మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి. అక్కడ కాదంటే మీ ప్రశ్న అక్కడితో ముగిసింది, ఇంకో సూచన అడగనక్కర్లేదు. అందరూ తవ్వేస్తున్నారు గదా అంటారేమో. అందరి సంగతి మీరు నన్ను అడగలేదు.

అనుమతి వచ్చి, అన్నయ్య మనస్ఫూర్తిగా ఒప్పుకుని, మధ్యలో ఊట కాలువ తీయించి, మురుగు వేరే దారిలో వదిలే ఏర్పాటు కాగితం మీద రాయించుకుంటే ఏమిటి? అప్పుడు మీకు స్వేచ్ఛ ఉంది. లీజుకివ్వొచ్చు, మానుకోవచ్చు. దేవుడు ప్రతి సర్వే నంబరుకీ ఒక రహస్య జవాబు దాచిపెట్టి మనం తప్పు పేపరు తీస్తామా అని చూస్తూ ఉండడు. కొరింథీ పత్రికలో పౌలు విధవరాలి పెళ్లి గురించి చెబుతూ తనకిష్టమైనవాణ్ణి చేసుకోవచ్చు, ప్రభువునందు మాత్రమే అన్నాడు. పెళ్లంత పెద్ద విషయంలోనే కంచె ఒకటి వేసి లోపలంతా వదిలేశాడు. మీ రెండెకరాలకీ అంతే.

అడిగినదానికి సూటిగా చెప్పమంటే, ఇష్టం లోబడటం ఒక్క రాత్రి ఉపవాసంలో పూర్తయ్యేది కాదు. రోమా పత్రిక 12వ అధ్యాయంలో వరస చూడండి. మనసు మారి నూతనమవడం ముందు, దేవుని చిత్తమేదో పరీక్షించి తెలుసుకోవడం తర్వాత. ఆ మారడం ఇలాంటి పనుల్లోనే జరుగుతుంది. అన్నయ్య గుమ్మం ఎక్కి దిగాక ఇదే లీజు మీకు వేరేగా కనబడొచ్చు. మీలో ఇచ్ఛనీ కార్యాన్నీ కలగజేసేవాడు దేవుడే అని ఫిలిప్పీ పత్రిక చెబుతోంది. అంటే మీ ఇష్టాన్ని చంపేసి తన ఇష్టం తెచ్చి పెట్టడం ఆయన పద్ధతి కాదు. మీ చేతే, మీ మనసుతోనే, మంచిని కోరుకునేలా చేస్తాడు. లీజు వదులుకున్నందుకు దేవుడు ఇంకో దారిలో రెట్టింపు ఇస్తాడని మాత్రం నేను మాటివ్వను. అలా చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. పౌలు తన శరీరంలోని ముల్లు, అంటే తనని వేధించే బాధ, తీసేయమని మూడుసార్లు వేడుకున్నా ముల్లు అలాగే ఉంది, నా కృప నీకు చాలునని ప్రభువు అన్నాడు. మీ అప్పు కూడా కొన్నాళ్లు అలాగే ఉండొచ్చు.

ఆసామిని గడువు అడగండి. ఈ ఎండాకాలం కాకపోతే వచ్చే ఎండాకాలం అనండి. ఇవ్వనంటే దండం పెట్టి పంపేయండి. పాప ఫీజుకి బ్యాంకులో విద్యారుణం అడిగారా? నర్సింగ్ కాలేజీకి గుర్తింపు ఉంటే నాలుగు లక్షల వరకూ మామూలుగా తనఖా అడగరు. తల్లిదండ్రుల్లో ఒకరు సహ రుణగ్రహీతగా సంతకం పెట్టాలి, చదువు పూర్తయ్యాక కొంత గడువిచ్చి వాయిదాలు మొదలుపెడతారు. బయటి వడ్డీ కన్నా ఎన్నో రెట్లు నయం. బాకీ కాగితం, పాప మార్కుల జాబితా పట్టుకుని సోమవారం మేనేజరు దగ్గరికి వెళ్లండి. పాపకి కూడా ఈ లీజు గొడవంతా చెప్పండి. పద్దెనిమిది దాటిన పిల్ల, ఆ రుణం తీర్చాల్సింది తనే. పెదనాన్న చేను సంగతి విని తనేమంటుందో నాకు రాయండి.